కామా తర్వాతి మాట

మురారికి ఫిర్యాదులంటే గిట్టదు.

ఆ పొద్దున కూడా ఒకటి వచ్చింది. కడియం దగ్గర పూలమొక్కల నర్సరీ నడిపే వరహాలమ్మ అనే ఆవిడ పంపింది. "బాబూ, నేను రాసిన వాక్యాన్ని మీ కంపైలర్ తీసుకోవడం లేదు. తప్పు అంటోంది. నాకైతే తప్పేమీ కనపడ్డం లేదు. కాస్త చూసి పెట్టండి" అని రాసి, కింద తను రాసిన వాక్యం, దాని కింద కంపైలర్ ఇచ్చిన జవాబు పెట్టింది.

మురారి కళ్లు సరాసరి ఆ జవాబు మీదికి వెళ్లాయి. "వదులు అన్నాక వాక్యం ముగియాలి. ఆ తర్వాత ఏమీ ఉండకూడదు" అని ఉంది.

అతను కూడా ఆవిడకు అదే రాశాడు. "వదులు అన్నాక వాక్యం ముగియాలండీ. ఆ తర్వాత ఏమీ ఉండకూడదు." పంపేసి, టీ పెట్టుకోవడానికి లేచాడు.

కాసేపటికి ఆవిడ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "అలాగే బాబూ. నాదే తప్పయ్యుంటుంది. ఏమనుకోకండి."

"చూశావా నసీమా," అన్నాడు మురారి, "తప్పు మనది కాదు. ఎప్పుడూ మనది కాదు."

పక్క బల్ల దగ్గర నసీమా తన పనిలోంచి తలెత్తలేదు.

కొవ్వూరులో, గోదావరి గట్టుకు దగ్గరగా ఉంటుంది హైమవతి టీచరుగారి ఇల్లు. ఆవిడ చాలా ఏళ్లు యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, ఉద్యోగం అయ్యాక ఇక్కడికి వచ్చేశారు. ఆవిడ దగ్గర నేర్చుకోవాలనుకున్నవాళ్లు వచ్చి ఆ ఇంట్లోనే ఉంటారు. వంతులేసుకుని వండుతారు, వాకిలి ఊడుస్తారు, మొక్కలకు నీళ్లు పోస్తారు. మిగతా పొద్దంతా సరళి పని చేస్తారు.

సరళి అంటే టీచరుగారు తయారుచేసిన కంప్యూటరు భాష. అందులో తెలుగు మాటలతోనే ప్రోగ్రాం రాసుకోవచ్చు. బడి గంట వేళకు మోగాలన్నా, తోటలో నీళ్ల మోటారు దానంతటది తిరగాలన్నా మామూలు మనుషులు తమంతట తాము రాసుకోవాలని ఆవిడ కోరిక. అలా రాసిన మాటల్ని చదివి, యంత్రానికి అర్థమయ్యేలా మార్చి ఇచ్చేదాన్ని కంపైలర్ అంటారు. రాసినదాంట్లో తప్పుంటే అది మార్చదు. తప్పు ఎక్కడుందో చెప్పి వెనక్కి పంపేస్తుంది.

ఆ కంపైలర్‌కి ముందువైపు గుమ్మం లాంటి భాగం ఒకటుంది. దాన్ని మురారి కట్టాడు. అందరూ దాన్ని గుమ్మం అనే పిలుస్తారు. వచ్చిన వాక్యంలో మొదటి నాలుగైదు మాటలు చూసి, ఇది తప్పని తోస్తే గుమ్మం అక్కడే ఆపేస్తుంది. మిగతాది చదవదు. అందుకే అది మెరుపులా పనిచేస్తుంది. హైదరాబాదులో జరిగిన ఒక సభలో మురారి దీని గురించి మాట్లాడితే చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు అతనికి ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.

ఇకపోతే, వేసవిలో టీచరుగారు సరళిలో ఒక కొత్త సూత్రం చేర్చారు. అంతకుముందు ఏదైనా షరతు ఉంటే అది వాక్యంలో ముందే రావాలి. "వాన పడకపోతే, నీళ్లు వదులు" అని రాయాలి. కొత్త సూత్రం ప్రకారం షరతు చివర కూడా రావచ్చు. "నీళ్లు వదులు, వాన పడకపోతే" అన్నా సరే.

"మనుషులు ముందు పని చెబుతారు, ఆ తర్వాత గుర్తొచ్చి షరతు చెబుతారు," అన్నారు ఆవిడ అప్పట్లో. "రాసేవాళ్లను మనం ఎందుకు సరిచెయ్యడం? మనమే నేర్చుకుందాం."

ఆ సూత్రాన్ని కంపైలర్ లోపలి భాగంలో నసీమా చేర్చింది. బాగా పనిచేస్తోందని విడిగా పరీక్షించి చూసుకుంది కూడా. అందరికీ ప్రకటించారు. సరళి నేర్పే పుస్తకంలో కొత్త పాఠం వేశారు. మురారి కూడా ఆ పాఠం చదివాడు, బాగుందన్నాడు. తన గుమ్మం జోలికి మాత్రం వెళ్లలేదు. బాగా నడుస్తున్న దాన్ని ముట్టుకోవడం ఎందుకనుకున్నాడు.

*

కొద్ది రోజులకి వానలు పట్టుకున్నాయి. గోదావరి మీద అవతలి గట్టు కనపడకుండా ముసురు.

వరహాలమ్మ దగ్గర్నుంచి మళ్లీ కబురొచ్చింది. ఈసారి రాయలేదు, ఫోన్లో మాట్లాడి పంపింది. వెనకాల వాన చప్పుడు, ఎవరో ఆడవాళ్లు కేకలేసుకోవడం వినిపిస్తోంది.

"బాబూ, నేనండీ, వరహాలమ్మని. మీరు చెప్పినట్టే ఆ చివర ముక్క తీసేశానండీ. ఇప్పుడు తప్పు అనట్లేదు, బాగానే తీసుకుంది. కానండీ, వానలో కూడా నీళ్లు వదుల్తోందండి! పైనుంచి అదీ, కింద నుంచి ఇదీ. చేమంతి నారంతా మునిగిపోతోంది. నేను వాల్వు కట్టేస్తాను, అది మళ్లీ తెరుస్తుంది. నేను కట్టేస్తాను, అది తెరుస్తుంది. దానికీ నాకూ పొద్దున్నుంచీ ఇదే ఆటండి. మీకు తీరికున్నప్పుడు కాస్త..."

మధ్యలో ఏదో దబ్బున పడ్డ చప్పుడైంది. "ఓసి నీ ఇల్లు బంగారం కానూ, ఆ ట్రే ఇటు పట్టవే!" అని ఎవర్నో కేకేసింది. అక్కడితో ఆగిపోయింది.

మురారికి నవ్వొచ్చింది. ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్లాడు. టీచరుగారు పీట మీద కూచుని కాకరకాయలు తరుగుతున్నారు. ఆవిడకు వినిపించాడు.

"వాన పడితే ఆపమని రాయలేదు కాబట్టి అది ఆపడం లేదు," అన్నాడు. "కంపైలర్ ఏం చేస్తుంది టీచరుగారూ? ప్రోగ్రాం రాయడం అందరికీ వచ్చేది కాదు."

"మొదట ఆవిడ ఏం రాసిందిరా?"

"నీళ్లు వదులు అని రాసి, కామా పెట్టి, ఇంకేదో రాశారండి."

"ఇంకేదో అంటే?"

"అది చూడలేదండీ. చూడక్కర్లేదు. వదులు తర్వాత కామా కనపడగానే తప్పని తెలిసిపోయింది."

"ఎవరికి తెలిసింది?"

"గుమ్మానికండి."

"నీకు?"

"గుమ్మం కట్టింది నేనే కదండీ."

టీచరుగారు తల ఊపారు. కత్తిపీట పక్కన పెట్టి, వంటింటి వైపు చూసి పిలిచారు.

"నసీమా! ఇవాళ కాకరకాయ పులుసు కొంచెం ఎక్కువే చెయ్యమ్మా."

*

ఆ ఇంట్లో మధ్యాహ్నం అందరూ వరసగా కూచుంటారు. వడ్డించడం మాత్రం టీచరుగారి వంతు. అది ఇంకెవరికీ ఇవ్వరు. కంచంలో పడ్డది ఏదీ వదలకూడదన్నది ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కట్టుబాటు.

మురారి చిన్నప్పట్నుంచీ కాకరకాయ తినడు. ఆ సంగతి టీచరుగారికి తెలుసు. ఎప్పుడూ అతని దగ్గరికి వచ్చేసరికి ఆ గిన్నె పక్కన పెట్టి పప్పు వేసేవారు. ఇవాళ గిన్నెతోనే వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

"టీచరుగారూ, నాకు కాకరకాయ..." అన్నాడు మురారి.

'వద్దండి' అనేలోపే గరిటెడు పులుసు అన్నం మీద పడింది.

"అయ్యో, నేను కాకరకాయ..."

ఇంకో గరిటె పడింది.

పక్కన కూచున్నవాళ్లు తలలు వంచుకున్నారు. వాళ్ల భుజాలు కదులుతున్నాయి.

"అది కాదండీ, ఇంక..."

"ఇంకానా? వెయ్యనా? నీకింత ఇష్టమని నాకు తెలీదురా" అంటూ ముక్కలన్నీ అడుగు నుంచి ఏరి మరీ వేశారు. అన్నం కనపడ్డం మానేసింది.

మురారి కంచం మీద రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "నేను చెప్పేది పూర్తిగా..."

"అక్కర్లేదు నాయనా. మొదటి మాటలోనే నాకు తెలిసిపోయింది."

చేతుల సందులోంచి ఇంకో గరిటె పడింది. వేళ్ల మీద పులుసు కారింది. నసీమా నవ్వాపుకోలేక మంచినీళ్ల చెంబు పట్టుకుని వంటింట్లోకి పారిపోయింది.

మురారి గడ్డం ఎత్తి, ఊపిరి బిగబట్టి అరిచాడు.

"వద్దండీ! వద్దండీ కాకరకాయ!"

టీచరుగారి గరిటె గాలిలో ఆగింది. ఆవిడ మొహంలో నవ్వు లేదు.

"తప్పు," అన్నారు. "వద్దు అన్నాక వాక్యం ముగియాలి. ఆ తర్వాత ఏమీ ఉండకూడదు."

ఇంకో గరిటె వేసి, పక్క కంచం దగ్గరికి వెళ్లిపోయారు.

అందరూ పగలబడి నవ్వారు. మురారి కూడా నవ్వబోయాడు. సగంలో ఆ నవ్వు ఆగిపోయింది. ఆ రెండు వాక్యాలూ అతను ఎక్కడో చదివాడు. చదవడం కూడా కాదు, తన వేళ్లతో తనే రాశాడు.

అతను తల వంచుకుని తినడం మొదలుపెట్టాడు. ముద్ద ముద్దకీ మొహం ముడుచుకుంటోంది. ఎవరూ పలకరించలేదు. చివరి ముక్క దాకా తిని, కంచం కడిగి బోర్లించి, తన బల్ల దగ్గరికి వెళ్లాడు.

*

వరహాలమ్మ మొదటిసారి పంపింది ఇంకా అలాగే ఉంది. మురారి మెల్లిగా చదివాడు.

"పూటపూటా బయటి మొక్కలకు నీళ్లు వదులు, వాన పడకపోతే."

మళ్లీ చదివాడు. ఎక్కడా ఏ లోపమూ లేదు. పుస్తకంలో వేసిన కొత్త పాఠం ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. తను చదివి, బాగుందన్న పాఠం.

"నసీమా," అని పిలిచాడు. "ఒకసారి ఇలా రా."

ఆమె వచ్చి అతని భుజం మీదుగా చూసింది.

"ఇది నేను చేర్చిన సూత్రమే కదా. దీన్ని తోసేసిందా?"

"తోసేసింది."

"అదెలా? లోపల దీనికి పీట వేసి, కంచం పెట్టి ఉంచాను."

"గుమ్మం దాటితేనే కదా పీట మీద కూచునేది," అన్నాడు మురారి. "కామా చూడగానే నాది తలుపేసేసింది. ఆ తర్వాత ఏముందో చూడలేదు. నేనూ చూడలేదు."

నసీమా స్టూలు లాక్కుని పక్కన కూచుంది.

మొదట మురారి చిన్న అతుకు వేద్దామనుకున్నాడు. వదులు తర్వాత కామా వస్తే మాత్రం లోపలికి పోనివ్వు అని గుమ్మానికి చెబితే సరిపోతుంది. ఒక్క వరస రాస్తే పని అయిపోతుంది. రాశాడు కూడా.

"రేపు టీచరుగారు ఇంకో కొత్త సూత్రం చేరిస్తే?" అంది నసీమా.

"ఇంకో అతుకు."

"ఆ మధ్యలో ఎంతమంది వరహాలమ్మలు వాక్యాలు కోసేసుకుంటారు?"

మురారి కుర్చీలో వెనక్కి వాలాడు. బయట చూరు నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. అతను చాలాసేపు ఆ ధార వంకే చూశాడు. గుమ్మం కడుతున్నప్పుడు ఎన్ని పగళ్లు ఈ బల్ల దగ్గరే గడిచాయో అతనికి గుర్తుంది. ఎక్కడ ఒక అడుగు తగ్గించవచ్చు, ఎక్కడ ఒక చూపు మిగల్చవచ్చు అని వెతికి వెతికి చేసిన పని. దాని అందమంతా తొందరలోనే ఉంది.

ముందుకు వంగి, రాసిన అతుకు చెరిపేశాడు. ఆ తర్వాత గుమ్మాన్ని విప్పడం మొదలుపెట్టాడు.

సాయంత్రానికి పని అయింది. ఇప్పుడు వాక్యం చివరిదాకా చదివాక గానీ కంపైలర్ ఏమీ అనదు. మెరుపు వేగం పోయింది. జవాబు రావడానికి కంటిరెప్ప వేసేంత ఆలస్యం. వాడేవాళ్లలో ఎవరూ గమనించరు. మురారికి మాత్రం తెలుస్తుంది.

టీచరుగారు దీపం వేయడానికి వచ్చి, అతని వెనక నిలబడి తెర వంక చూశారు. గుమ్మం ఉండే చోటు ఖాళీగా ఉంది.

"బాధగా ఉందా?" అన్నారు.

"కాకరకాయంత కాదండి."

ఆవిడ పెద్దగా నవ్వారు. అతని తల మీద చెయ్యి వేసి ఒకసారి నిమిరి, దీపం వేసి వెళ్లిపోయారు.

*

సరిచేసిన కంపైలర్‌ని అందరికీ పంపారు. వరహాలమ్మకు మురారి తనే ఫోన్ చేశాడు. ఎంతకీ కలవలేదు. మర్నాడు పొద్దున చేసినా అంతే. వాన మాత్రం తెరిపివ్వలేదు.

"వెళ్లి వస్తానండి," అన్నాడు టీచరుగారితో.

"నేనూ వస్తాను. బంతి నారు తెచ్చుకోవాలి," అన్నారు ఆవిడ, సంచీ తీసుకుంటూ.

ఇద్దరూ బస్సులో బ్రిడ్జి దాటి రాజమండ్రి చేరారు. అక్కడ్నుంచి కడియం వైపు ఆటో ఎక్కారు. ఆటోవాడు పరదా దించినా జల్లు లోపలికి కొడుతూనే ఉంది. దారి పొడుగునా రెండువైపులా నర్సరీలే. తడిసి నల్లబడ్డ మట్టి, దాని మీద వరసలుగా ఎరుపు, పసుపు, తెలుపు. టీచరుగారు ప్రతి తోటనూ తొంగి తొంగి చూస్తున్నారు. మురారి ఒళ్లో కంప్యూటరు సంచీని రెండు చేతులతో పట్టుకుని కూచున్నాడు. వెళ్లి ఆవిడతో ఏమనాలో పేర్చుకుంటున్నాడు. ఏది పేర్చినా బాగోలేదు.

వరహాలమ్మ నర్సరీలోకి అడుగుపెట్టేసరికి పాదాలు మునిగేంత నీళ్లు. పైనుంచి వాన పడుతోంది. కింద సన్నటి గొట్టాల్లోంచి మొక్క మొక్కకీ నీళ్లు చిమ్ముతున్నాయి. ఆడవాళ్లు నారు ట్రేలు ఎత్తి పాకలోకి చేరేస్తున్నారు. చివరి వరసల్లో చేమంతి నారు ఒరిగిపోయి, ఆకులు పచ్చదనం తగ్గి ఉన్నాయి.

వాల్వు దగ్గర, నెత్తిన ఎరువుల సంచీ గొంగడిలా కప్పుకుని, అరవై ఏళ్ల భారీ మనిషి ఒకావిడ నిలబడి ఉంది. చక్రం తిప్పి కట్టేసి, నడుం మీద చేతులు పెట్టుకుని దాని వంక గుర్రుగా చూస్తోంది. కాసేపటికి లోపల క్లిక్కుమంది. నీళ్లు మళ్లీ వచ్చాయి.

"వచ్చావూ? రా, రా. నేనిక్కడే ఉన్నాను," అంది వాల్వుతో.

అప్పుడు వీళ్లిద్దర్నీ చూసింది.

"మొక్కలకోసమా అండీ? వానలో ఎందుకొచ్చారండీ, రేపు రాకపోయారా?"

"నేను మురారినండి," అన్నాడు అతను. "కొవ్వూరు నుంచి. సరళి..."

"ఓరి నాయనో! కంపైలర్ బాబువా!" ఆవిడ మొహం చేటంత అయింది. అంతలోనే నొచ్చుకుంది. "నా ఫోను నీళ్లలో పడి పోయింది బాబూ. మీరు ఫోన్ చేశారేమో. అయ్యో, నాకోసం ఇంత దూరం వచ్చారా? ఈ పెద్దావిడ కూడానా? నాకు బుద్ధి లేక మిమ్మల్ని తిప్పలు పెట్టాను. ఇది నాకు అచ్చొచ్చే పని కాదులెండి. మా కోడలు అంటానే ఉంది, మీకెందుకత్తయ్యా ఈ రాతలూ అని. ఇవాళ్టితో ఆ పెట్టె పక్కన పెట్టేసి, పాత పద్ధతిలోనే తిప్పుకుందామని తేల్చుకున్నానండి."

మురారి దారిలో పేర్చుకున్న మాటలన్నీ మర్చిపోయాడు.

"పెట్టె ఎక్కడుందండీ?" అన్నాడు.

పాకలో ఒక మూల, ప్లాస్టిక్ కవరు చుట్టిన పాత లాప్‌టాప్ ఉంది. మురారి పెన్‌డ్రైవ్ పెట్టి కొత్త కంపైలర్ ఎక్కించాడు. ఆవిడ ప్రోగ్రాం తెరిచాడు. "పూటపూటా బయటి మొక్కలకు నీళ్లు వదులు." చుక్క. వాక్యం అక్కడితో అయిపోయింది.

అతను కుర్చీలోంచి లేచాడు. "అమ్మా, మీరు కూచోండి. మొదట మీరు ఏం రాశారో, అదే రాయండి."

"అది తప్పు కదా బాబూ."

"రాయండి."

ఆవిడ చేతులు చీరకు తుడుచుకుని కూచుంది. ఒక్క వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ, చుక్క తీసేసి కామా పెట్టింది. వాన పడకపోతే, అని రాసింది. రాసి, దెబ్బ తగులుతుందన్నట్టు భుజాలు దగ్గరికి ముడుచుకుని మీట నొక్కింది.

కంటిరెప్ప వేసేంత ఆగింది కంపైలర్. 'సరే' అంది.

బయట గొట్టాల చప్పుడు ఆగిపోయింది. ఉత్త వాన చప్పుడే మిగిలింది. ట్రే ఎత్తుకుని వస్తున్న మనిషి ఒకామె అక్కడే నిలబడి, "అమ్మగారూ, ఆగిందండోయ్!" అని అరిచింది.

వరహాలమ్మ తెర వంకే చూస్తోంది.

"అయితే నేను రాసింది..." అని ఆగింది. "అప్పుడు కూడా..."

"ఒప్పేనండి," అన్నాడు మురారి. "మొదట్నుంచీ ఒప్పే. చివరిదాకా చదవకుండా తప్పు అన్నది మా కంపైలర్. దాన్ని అలా కట్టింది నేను. మీకు జవాబు రాసినప్పుడు కూడా నేను చదవలేదు. మీ నారు పోవడం నావల్లేనండి."

ఆవిడ కవరు అంచు పట్టుకుని దాని మీది నీళ్లు వేలితో తోసేసింది. కళ్లు కూడా ఒకసారి తుడుచుకుంది.

"నారు మళ్లీ పోసుకుంటానులే బాబూ. నాకు తల పనిచెయ్యట్లేదేమోనని భయపడ్డాను," అంది. "వయసు మీద పడింది కదా, నాకేం వస్తుందిలే అనుకున్నాను."

తర్వాత వేడి వేడి టీ వచ్చింది. జంతికలు వచ్చాయి. టీచరుగారు పాకంతా తిరిగి బంతి నారు ఏరుకుని సంచీ నింపుకున్నారు. వరహాలమ్మ డబ్బులొద్దు, ఊరికే తీసుకెళ్లమంది, ఎంత బతిమాలినా టీచరుగారు ఒప్పుకోలేదు, కాసేపు వాళ్లిద్దరికీ కీచులాట అయింది.

ఆ గొడవ తేలాక వరహాలమ్మ మురారి ఎదురుగా బల్ల మీద కూచుంది.

"అయితే బాబూ, తప్పు కాదన్నావు కాబట్టి ఇంకోటి అడుగుతాను. రోజాలకి ఒకటి రాద్దామని ఎప్పట్నుంచో ఉంది. వాటికి ఆకుల మీద నీళ్లు పడకూడదు, మొక్క మొదట్లోనే పొయ్యాలి, అదీ పొద్దున్నే. అయితే పెళ్లిళ్ల రోజుల్లో లారీ కూడా పొద్దున్నే వచ్చేస్తుంది. తడి మట్టితో కుండీలు బరువెక్కిపోతాయి, మావాళ్లు మొయ్యలేరు. అందుకని లారీ వచ్చే రోజైతే ముందు సాయంత్రమే పొయ్యాలి. అయితే ఆ సాయంత్రం మబ్బు పట్టిందనుకో, పొయ్యకూడదు, బూజొస్తుంది. కానీ తెల్ల రోజాల సంగతి వేరు బాబూ, వాటి కథేంటంటే..."

మురారి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

వాన కొంచెం తగ్గింది. రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. టీచరుగారు సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మంలోకి వచ్చారు.

"ఒరేయ్ మురారీ, బస్సొచ్చేసింది. పద, అది పోతే మళ్లీ..."

మురారి వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం ఎత్తి, ఆగమన్నట్టు చూపించాడు.

"ఉండండి టీచరుగారూ. అమ్మ చెప్పడం ఇంకా అవలేదు."

బస్సు హారన్ ఇంకోసారి మోగి, దూరమైపోయింది. టీచరుగారు సంచీ కింద పెట్టారు. మూలనున్న ఖాళీ కుండీ ఒకటి బోర్లించి, దాని మీద హాయిగా కూచున్నారు.